పనిని పుట్టించునది ఎవరు?

  

బసవ జయంతినాడు మంచిర్యాలలో ప్రవచనము ముగిసి, ప్రసాద వితరణము జరుగుచుండగా ఇద్దరు భక్తుల నడుమ ఒక వాదము పుట్టినది. ఒకరు బజారులో బట్టల దుకాణము గల వర్తకులు. రెండవవారు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ముప్పది ఏండ్లు పని చేసి విశ్రాంతి తీసికొన్న పెద్దలు. వర్తకులిట్లనిరి: "మామా, ధనము గలవానిపై పన్ను తగ్గించిననే లోకమునకు పని దొరకును. నా చేతిలో నాలుగు రూపాయలు మిగిలిననే గదా నేను మరొక గుమాస్తాను పెట్టుకొనగలను!" ఆ పెద్దలు నవ్వి, "సేటూ, మాకు బోనసు వచ్చిన వారమే గదా నీ దుకాణములో నిలుచుటకు చోటు దొరకనిది! కొనువాడు లేనిచో, మిగిలిన రూపాయితో గుమాస్తాను పెట్టి ఏమి చేయింతువు? ఈగలు తోలింతువా?" అనిరి.

పంక్తిలోని వారందరును నవ్విరి. కాని ఆ నవ్వు వెనుక ఒక కష్టమున్నది. ఆ దుకాణమున ఆరుగురు పని చేయుచున్నారు. బేరము మందగించినందున ఇద్దరిని మానిపింపవలెనని వర్తకులు తలచుచున్నారు. ఆ ఇద్దరిలో ఒకడు ఈ పెద్దల మనుమడే. నవ్వులు సద్దుమణిగిన పిదప ఇరువురును నా వంక చూచి, "మీరు చెప్పుడు స్వామీ, బసవన్న మతమున ఇందులో ఎవరి మాట నిలుచును?" అని అడిగిరి. పంక్తిలో కూర్చుండి ఒక్క మాటలో తేల్చదగిన ప్రశ్న కాదది. ఆనాడు చెప్పలేకపోయినది ఈనాడు వ్రాయుచున్నాను.

పన్నుల మాట మఠములకేల, ధర్మ పత్రికలకేల అని కొందరు శంకింపవచ్చును. మన మతమున కాయకము కేవలము పొట్ట నింపుకొను ఉపాయము కాదు, అది పూజ. శరణులు తాము చేయు పనిలోనే కైలాసమును దర్శించిరి. నులియ చందయ్య కథ మనకందరకు తెలిసినదే. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి పడినను ఆయన తన పని విడువలేదు. లింగమే ఆయన వెంట వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కాయకమునకు ఇంతటి స్థానమిచ్చిన మతములో, పని చేయగోరువానికి పని దొరకకుండుట అనగా ఆకలి మాత్రమే కాదు. ఆతని పూజయే ఆగిపోవుట. అందువలన పని ఎచట పుట్టుచున్నదను విచారము మనకు ధర్మవిచారమే.

ఆ కథలోనే మరియొక సంగతి కలదు. చందయ్య త్రాడు పేని, దానిని అమ్మి, వచ్చిన దానితో జంగమ దాసోహము సాగించెను. ఆయన చేతిలో నేర్పున్నది, చెరువు గట్టున గడ్డి యున్నది, మనసులో భక్తి యున్నది. అయినను ఆ త్రాడును కొనువాడు సంతలో లేకున్నచో దాసోహము ఎట్లు సాగెడిది? కాయకమునకు రెండు చేతులు కావలెను. ఒకటి చేయు చేయి, రెండవది కొను చేయి. ఈ రెండవ చేతిని మరచి పని పుట్టుకను గురించి మాటలాడుట సగము మాట.

దీనికి దూరపు దృష్టాంతము అక్కరలేదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్లను చూడుడు. దేవర దాసిమయ్య చేపట్టిన నేత కాయకమునే నమ్ముకొన్న ఊరది. అచట వేలకొలది మరమగ్గములున్నవి. స్థానికులు వానిని సాంచాలందురు. సాంచాలున్నవి, నేర్పరులైన కార్మికులున్నారు, పని చేయవలెనను తపన యున్నది. అయినను గిరాకి తగ్గిన కాలములలో ఆ సాంచాలు ఆగినవి, నేతన్నలు అప్పులపాలైరి, కొందరు ప్రాణములే తీసికొనిరి. 2017లో రాష్ట్ర ప్రభుత్వము బతుకమ్మ చీరల పథకము ప్రారంభించి, పిదపటి సంవత్సరములలో కోటి వరకు చీరలు సిరిసిల్ల నేతన్నలచే నేయించినది. ఆగిన సాంచాలు మరల ఆడినవి. 2024లో ఆ చీరల పంపిణీ నిలిచినది. పెద్ద ఆర్డరు లేక సిరిసిల్ల మరల కష్టములలో పడినది. 2025లో మహిళా సంఘముల సభ్యుల చీరల కొరకు ప్రభుత్వము మరల ఆర్డరిచ్చినది. మగ్గములకు మరల పని దొరికినది. ఇన్ని ఏండ్లలో సాంచాలు మారలేదు, కార్మికుల చేతులు మారలేదు. మారినది కొనువాడు ఉన్నాడా లేడా అనునది మాత్రమే. ఒక్క కొనుగోలుదారునిపై ఊరంతయు ఆధారపడుట ప్రమాదమనునది కూడ ఇందులోనే యున్న మరొక పాఠము.

ఇక వర్తకుల పక్షము వినవలెను. 2019 సెప్టెంబరు 20వ తేదీన కేంద్ర ప్రభుత్వము కంపెనీల లాభములపై పన్నును 30 శాతమునుండి 22 శాతమునకు తగ్గించినది. ఇతర మినహాయింపులు వదలుకొనిన కంపెనీలకు ఈ రేటు. క్రొత్తగా కర్మాగారములు స్థాపించు కంపెనీలకు 15 శాతమే. ఇందువలన ఖజానాకు ఏటా 1 లక్ష 45 వేల కోట్ల రూపాయల రాబడి తగ్గునని ప్రభుత్వమే అంచనా వేసినది. మిగిలిన ధనముతో కంపెనీలు పెట్టుబడులు పెట్టును, యువకులకు పని దొరకును అని ఆశ.

ఆ ఆశ తప్పని నేననను. కాని ఆనాటి స్థితిని గమనింపుడు. రిజర్వు బ్యాంకు సర్వేలను బట్టి 2019 చివరి నెలలలో దేశమందలి కర్మాగారములు తమ శక్తిలో సుమారు 69 శాతమే వాడుకొనుచుండెను. అనగా ఉన్న యంత్రములలో దాదాపు మూడవ వంతు ఊరక యున్నది. ఉన్న మర ఆగియున్నప్పుడు క్రొత్త మర ఎవరు కొందురు? మిగిలిన ధనము అప్పులు తీర్చుటకును, నిల్వ చేయుటకును, వాటాదారులకు పంచుటకును పోవుట సహజము. ఆరు నెలలు గడవకముందే కరోనా మహమ్మారి వచ్చినందున ఆ పన్ను తగ్గింపు ఫలితమును విడదీసి తూచుట కష్టము. అయినను 2024 జూలైలో వెలువడిన ప్రభుత్వపు ఆర్థిక సర్వేయే ఒక మాట అంగీకరించినది: 2019-20కిని 2022-23కిని నడుమ కంపెనీల పన్నుకు ముందరి లాభములు దాదాపు నాలుగింతలైనవి, కాని ఉద్యోగ నియామకములును జీతములును ఆ వేగముతో పెరుగలేదు. ఇది విమర్శకుల మాట కాదు, ప్రభుత్వపు గ్రంథములోని మాట.

ఇతర దేశముల అనుభవము కూడ దాదాపు ఇట్లే యున్నది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున 2012లో ఆదాయపు పన్నులు బాగుగా తగ్గించి, అనేక వ్యాపారముల ఆదాయమును పన్నునుండి తప్పించిరి. ఉద్యోగములు వెల్లువెత్తునని చెప్పిరి. వెల్లువ రాలేదు; ఖజానా ఎండినది. 2017లో ఆ రాష్ట్ర శాసనసభయే, గవర్నరు కాదన్నను, ఆ తగ్గింపులో పెక్కు భాగమును ఉపసంహరించినది. లండన్ నగరపు ఇద్దరు పండితులు 18 సంపన్న దేశముల 50 సంవత్సరముల లెక్కలు పరిశీలించి, ధనికులపై పన్ను తగ్గించినచోట్ల ధనికుల వాటా పెరిగినదనియు, నిరుద్యోగము చెప్పుకోదగినంత తగ్గలేదనియు తేల్చిరి.

ఇందుకు కారణము గూఢమైనది కాదు. మన ఇండ్లలోనే కనబడును. కూలివాని చేతికి వేయి రూపాయలు వచ్చినచో సాయంకాలమునకే అవి కిరాణా దుకాణమునకు, పాలవానికి, పిల్లవాని చెప్పులకు పోవును. ఆ దుకాణదారుడు మరల సరుకు తెప్పించును. బండివానికి కిరాయి దొరకును. మోయువానికి కూలి దొరకును. అదే వేయి రూపాయలు సర్వము సమకూరిన ఇంటికి వచ్చినచో ఇంటివారు నిన్నటికంటె ఎక్కువ తినరు, ఎక్కువ కట్టరు. ఆ సొమ్ము బంగారమగును, లేక ఊరి వెలుపల ఒక ప్లాటగును. ప్లాటు ధర పెరుగును గాని, ఆ ప్లాటులో ఎవ్వరికిని పని పుట్టదు. బ్యాంకులో వేసినచో బ్యాంకు దానిని అప్పుగా ఇచ్చును గదా అందురు. నిజమే. కాని సరుకు అమ్ముడుపోవునను నమ్మకము గలవాడే అప్పు తీసికొనును. త్రిప్పి త్రిప్పి చూచినను మాట కొనువాని వద్దకే వచ్చును.

అయినంత మాత్రమున పన్ను ఎంత పెంచినను మేలే అనుకొనరాదు. మన దేశమున 1973-74లో అత్యధిక ఆదాయముపై పన్ను రేటు 97.75 శాతమునకు చేరినది. నూరు రూపాయలలో రెండున్నర రూపాయలైనను మిగలనిచోట ఎవడు లెక్క చూపును? పన్ను ఎగవేతకు ఈ అధిక రేట్లే ఒక ముఖ్య కారణమని ప్రభుత్వము నియమించిన వాంఛూ సంఘమే 1971లో చెప్పినది. ధర్మముగా సంపాదించువానిని దొంగను చేయు పన్ను ధర్మము కాదు.

రాయితీ పని పుట్టించిన సందర్భమును మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే చూచితిమి. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ కాగితపు మిల్లు 2014లో మూతపడినది. పట్టణమునకు పట్టణమే చిన్నబోయినది. 2018లో మరియొక సంస్థ దానిని తీసికొనగా, రాష్ట్ర ప్రభుత్వము కొన్ని రాయితీలిచ్చినది. మిల్లు మరల నడిచినది. ఇక్కడ రాయితీ ఏల ఫలించినది? దేశమున కాగితమునకు గిరాకి యున్నది, కొనువారున్నారు, లోపించినది పెట్టుబడి. లోపించిన దానిని పూరించిన రాయితీ ఫలించును. నీరు చాలక ఎండుచున్న పైరునకు నీరు పెట్టినచో పండును. ఎరువు చాలని పైరునకు నీరే మరల పెట్టినచో ఏమి లాభము? కొనువాడు లోపించినచోట కూడబెట్టువానికి ధనమిచ్చుట ఈ రెండవ విధము.

పన్ను తగ్గింపులన్నియు ఒక్కటి కాదనియు గ్రహింపవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి అనేక నిత్యావసర వస్తువులపై జి.ఎస్.టి. తగ్గినది, సిమెంటుపై 28 శాతమునుండి 18 శాతమైనది. ఇల్లు కట్టుకొను సామాన్యుని సంచిలో ఇది మిగులును. ఇది కొను చేతికిచ్చిన తగ్గింపు. కంపెనీ లాభముపై తగ్గింపు కూడబెట్టు చేతికిచ్చినది. రెండింటికిని పేరు ఒక్కటే, నడక వేరు.

ఇప్పుడు ఆ పెద్దలు చెప్పిన బోనసు మాటకు వత్తము. సింగరేణి సంస్థ తన లాభములలో కార్మికులకు వాటా ఇచ్చు పద్ధతి 1999-2000 నుండి నడుచుచున్నది. ఆనాడు వాటా 10 శాతము. 2024-25 సంవత్సరమునకు సంస్థ లాభము 6,394 కోట్లు. అందులో 4,034 కోట్లు రాబోవు పనుల పెట్టుబడికి ప్రక్కన పెట్టి, మిగిలిన 2,360 కోట్లలో 34 శాతమును కార్మికులకు పంచిరి. ఒక్కొక్క కార్మికునికి సగటున 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికులకు 5,500 రూపాయల చొప్పున. దసరాకు ముందు ఈ ధనము శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఇండ్లకు చేరిన వారములో మంచిర్యాల బజారు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. ఈ లెక్కలో వివేకమున్నది. విత్తనమునకు కొంత ఉంచిరి, తినుటకు కొంత పంచిరి. విత్తనమంతయు తినినచో మరుసటి ఏడు లేదు. అంతయు విత్తనముగా దాచినచో ఈ ఏడు దున్నువాడు బ్రతుకడు.

కాని మామగారి వాదమునకును ఒక హద్దు కలదు. దానిని చెప్పకున్నచో నేను పక్షపాతినగుదును. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైబడి కార్మికులుండిరి. బొగ్గు ఉత్పత్తి ఏటికి 2 కోట్ల టన్నులకు లోపే. ఈనాడు ఉత్పత్తి సుమారు 7 కోట్ల టన్నులు. పర్మినెంటు కార్మికులు 41 వేల ప్రాంతము. బొగ్గుకు గిరాకి మూడింతలు దాటినది, ఉద్యోగములు సగమునకు తగ్గినవి. భూగర్భ గనుల స్థానమున ఓపెన్‌కాస్టులు వచ్చినవి. మనుష్యులు చేయు పని యంత్రములు చేయుచున్నవి. చాలవరకు కాంట్రాక్టు వారికి పోయినది. కనుక గిరాకి యున్నంత మాత్రమున ఉద్యోగము తప్పక పుట్టునని చెప్పరాదు. గిరాకి లేనిచో పుట్టదని మాత్రము చెప్పవచ్చును. అట్లే బోనసు సొమ్ముతో మనము కొను ఫోను, మోటారు సైకిలు ఎచటనో తయారైనవి. మన ఊరికి దక్కునది అమ్మకపు లాభములో కొంచెమే. అదే సొమ్ము దర్జీకి, వడ్రంగికి, మేస్త్రీకి, కూరగాయల రైతుకు, సిరిసిల్ల నేతగానికి పోయినచో అది మన చుట్టుప్రక్కలనే పది చేతులు తిరుగును.

శరణులారా! బసవేశ్వరుడు అడవిలో కూర్చుండి ధర్మము చెప్పినవాడు కాడు. కళ్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచినవాడు. ఖజానా ధనమును జంగములకు ధారవోయుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, లెక్క చూపి ఒక్క కాసైనను తగ్గలేదని నిరూపించిన గాథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. ప్రజల ధనమునకు లెక్క ఉండవలెననునది ఆ గాథ బోధించు నీతి. పన్ను కట్టువాడు దానిని దాసోహములో భాగముగా కట్టవలెను. వసూలు చేయువాడు దానిని భాండాగారికుని భయభక్తులతో వ్యయము చేయవలెను. ఈ రెండవది లోపించినప్పుడు మొదటివాడు గొణుగుట వింత కాదు.

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము ఏరుకొని రాగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మని పంపినది. ఆ తల్లి బియ్యమును ద్వేషించినది కాదు. తమ ఇంటికి మించినది మరియొకరి పాత్రలోనిదని ఎరిగినది. అంగడి శాస్త్రము కూడ చివరకు ఆమె చెప్పినదే చెప్పుచున్నది. మించినది ఒకచోట నిలిచినచో పని ఆగును. కదలినచో పని పుట్టును. దాసోహమనగా పండుగనాడు పెట్టు అన్నము మాత్రమే కాదు; పని చేసినవానికి తగిన కూలి, తగిన దినమున ఇచ్చుట మొదటి దాసోహము. కూలి తగ్గించి మిగిల్చిన ధనముతో అన్నదానము చేయువాడు ఒక చేత ఆకలిని పుట్టించి మరియొక చేత తీర్చుచున్నాడు.

కనుక వర్తకులైన శరణులకు నా విన్నపము: మీకు పన్నులో ఏమి మిగిలినను అందులో ఒక పాలు ముందుగా మీ గుమాస్తాల జీతములో కనబడనిండు. ఆతడే మరొక దుకాణమునకు కొనువాడు. ఆ దుకాణపు గుమాస్తా మీకు కొనువాడు. కార్మిక శరణులకు: బోనసు వచ్చిన వారమున దానిని వడ్డీ వ్యాపారికిని సారా దుకాణమునకును అర్పింపకుడు, మొదట అప్పు తీర్చుడు, పిదప పొరుగువాని కాయకమును కొనుడు. మఠములకు: పీఠమునకు వలసిన వస్త్రము, పాత్ర, ధాన్యము మన జిల్లా చేతివృత్తుల వారివద్దనే కొనినచో అదియు ఒక దాసోహమగును.

ఈ మాటలలో కొన్ని ఆ తరువాత ఒక సాయంకాలము వర్తకుల దుకాణములోనే కూర్చుండి వారితో చెప్పితిని. వారు చాలసేపు లెక్కల పుస్తకము త్రిప్పిరి. "స్వామీ, మీరు చెప్పినది విన్నాను. కాని అద్దె ఆగదు, బ్యాంకు కిస్తు ఆగదు" అనిరి. అదియు నిజమే, ఆ భారమును నేను మోయుట లేదు. కొంతసేపటికి వారే, "ఇద్దరినీ దసరా వరకు ఉంచెదను. అందరి పనిగంటలు కొంచెము తగ్గించి చూచెదను. దసరాకు బజారు ఏమి చెప్పునో చూతము" అనిరి. ఆ మూలన చీరలు మడత పెట్టుచున్న కుర్రవాడు తల ఎత్తలేదు. కాని చేయి మాత్రము ఒక క్షణము ఆగినది.

దసరా నాటికి ఆ దుకాణమునకు కొనువారు వత్తురో రారో, అది కొంతవరకు ఢిల్లీలో, హైదరాబాదులో తేలవలసినది. కొంతవరకు మాత్రము మనలో ఒక్కొక్కరి సంచిలో తేలవలసినది. ఎవరి కాయకమును వారు చేయుచు, ఇరుగుపొరుగు కాయకమును నిలుపుదుము గాక!

శరణు శరణార్థులు.